వాగ్దానం కార్డు వెనక ఉన్న హెచ్చరిక: ప్రవక్తల మాటను ఈ రోజుల్లో ఎలా పాటించాలి

డిసెంబరు 31 రాత్రి బెంగళూరులో చాలా తెలుగు సంఘాల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. పన్నెండు దాటగానే అందరూ వందనాలు చెప్పుకుంటూ వరసలో నిలబడతారు. ముందు పళ్లెంలో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డులు ఉంటాయి. ప్రార్థన చేసుకుని, కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీదో, బైబిల్లోనో పెట్టుకుంటాం. మారతహళ్లిలో నేను పనిచేసే ఆఫీసు డెస్కు మీద నాలుగేళ్లు ఒకే కార్డు ఉండేది, యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే వచనం. ఇంటర్వ్యూలకి వెళ్లేముందు, లేఆఫ్‌ల మాట వినిపించినప్పుడు దాన్నే చూసుకునేదాన్ని.

ఆ వచనం ఒక ఉత్తరంలోదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకుని రాజునూ పెద్దలనూ పనివాళ్లనూ బబులోనుకు తీసుకుపోయాడు. అలా చెరపోయినవాళ్లకి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం అది. పదకొండో వచనానికి పైనే, 8, 9 వచనాల్లో, మీ మధ్య ఉన్న ప్రవక్తల మాటలకు మోసపోకండి, నేను వాళ్లను పంపలేదు అని దేవుడు హెచ్చరిస్తున్నాడు. పదో వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదువుతున్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ తమ ఊరు చూడరు. వాగ్దానం నిజమే. కానీ అది హెచ్చరికతో కలిసి ఒకే కవరులో వచ్చింది. నేను కవరు చింపి సగం కాగితమే తీసుకున్నాను.

మా ఇంట్లో శుక్రవారం రాత్రి జరిగే గృహకూటంలో కొన్నేళ్లుగా ప్రవక్తల పుస్తకాలు చదువుతున్నాం. చదివి ఊరుకోకుండా పాటించడం ఎలా అనేది తడబడుతూ నేర్చుకున్నాం. అదే ఇక్కడ వరసగా చెబుతాను. మీరు ఒంటరిగా చేసుకోవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంకా మంచిది.

మొదట, చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి

హెచ్చరికలు అనగానే చాలామంది దానియేలు, ప్రకటన, యెహెజ్కేలు 38 తెరుస్తారు. వాటిని తర్వాత చదువుదురు గాని. అక్కడ మొదలుపెడితే మ్యాపులు, దేశాల పేర్లు, సంవత్సరాల లెక్కల్లో పడిపోతాం, మన బతుకు జోలికి రాము. హగ్గయి తీసుకోండి. రెండే అధ్యాయాలు, 38 వచనాలు. ఆ తర్వాత మలాకీ, 55 వచనాలు. ఆ తర్వాత ఆమోసు, 146 వచనాలు. ఒక్కో పుస్తకాన్ని ఒకే విడతలో, పైకి చదవండి. మన తెలుగు బైబిల్లో మాటలు పాతవి కాబట్టి కళ్లతో చదివితే జారిపోతాయి, చెవికి వినిపిస్తే పట్టుకుంటాయి. అర్థం కాని మాట వస్తే అమ్మకో అత్తకో ఫోన్ చేసి అడగండి. "సరంబీ వేసిన ఇండ్లు" అంటే ఏమిటో మాకు మా అత్తగారే చెప్పారు. చెక్క పలకలతో అందంగా తాపడం చేసిన ఇళ్లట.

చదివాక నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి. ఈ మాట ఎవరితో అన్నాడు? ఏ తప్పు పేరు పెట్టి చెప్పాడు? ఏం చేయమన్నాడు?

హగ్గయి మొదటి అధ్యాయంతో మేము రాసుకున్నది ఇది. మాట ఎవరితో అంటే, చెరనుంచి తిరిగొచ్చి సొంత ఇళ్లు కట్టుకున్నవాళ్లతో. తప్పు ఏమిటంటే, దేవుని మందిరం పాడుపడి ఉంటే "ఇంకా సమయం రాలేదు" అని వాయిదా వేయడం. ఏం చేయమన్నాడంటే, కొండెక్కి మ్రాను తెచ్చి మందిరం కట్టమన్నాడు. చూడండి, ఎంత సూటిగా ఉందో. భయపెట్టే దర్శనం ఏమీ లేదు, చేయాల్సిన పని ఉంది.

ఇంకొకటి కూడా గమనించండి. హగ్గయి తేదీలు వేశాడు. పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో సంవత్సరం, అంటే క్రీ.పూ. 520, ఆరో నెల మొదటి రోజున హెచ్చరిక వచ్చింది. అదే నెల 24న జనం పని మొదలుపెట్టారు. మధ్యలో 23 రోజులే. బైబిల్లో హెచ్చరిక విని వెంటనే కదిలినవాళ్లు అంత ఎక్కువమంది లేరు. అందుకే ఆ 23 రోజులు నాకు చాలా ఇష్టం. మా కూటంలో ఇప్పుడు అదే గడువు. ఏ హెచ్చరిక మనసుకు తగిలినా దాని పక్కన తేదీ వేస్తాం, 23 రోజుల్లోపు ఒక పని మొదలవ్వాలి.

చదివేటప్పుడు గుచ్చుకునే భాగాన్ని దాటవేయకండి. యిర్మీయా 36లో యెహోయాకీము రాజు చలికాలపు రాజభవనంలో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. గ్రంథపు చుట్ట చదువుతుంటే, మూడు నాలుగు పుటలు కాగానే చాకుతో కోసి మంటలో వేశాడు. చుట్ట అంతా అయిపోయేదాకా అలాగే చేశాడు. మన చేతిలో చాకు లేదు, కానీ బాధపెట్టే అధ్యాయం రాగానే కీర్తనల్లోకి వెళ్లిపోతాం. దేవుడు యిర్మీయా లేఖకుడు బారూకు చేత ఆ చుట్టను మళ్లీ రాయించాడు, ఇంకా ఎక్కువ మాటలు చేర్చి మరీ రాయించాడు.

హెచ్చరిక అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

ఇక్కడ చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డాను. హెచ్చరిక అంటే జరగబోయేది ముందే చెప్పే జాతకం అనుకుంటాం. "ఇక నలువది దినములకు నీనెవె పట్టణము నాశనమగును" అని యోనా చాటించాడు. నలభై రోజులు గడిచాయి, పట్టణం నిలిచింది. ప్రవచనం తప్పిందా? లేదు. వాళ్లు మారారు కాబట్టి దేవుడు కీడు రప్పించలేదు. యిర్మీయా 18లో కుమ్మరి ఇంట్లో దేవుడు ఈ సంగతి విడమరిచి చెప్పాడు. ఒక జనాన్ని పడగొడతానని నేను చెప్పినప్పుడు ఆ జనం చెడుతనం మానితే, చేయాలనుకున్న కీడు మానుకుంటాను అన్నాడు.

ఇంకో సాక్ష్యం యిర్మీయా 26లో ఉంది. యిర్మీయాను చంపాలని జనం పట్టుబట్టినప్పుడు ఊరి పెద్దలు కొందరు లేచి, హిజ్కియా రాజు కాలంలో మీకా ప్రవక్త కూడా సీయోను చేనులా దున్నబడుతుందని చెప్పాడు కదా, రాజు అతన్ని చంపించాడా, భయభక్తులతో దేవుని వేడుకున్నాడు కదా అని గుర్తుచేశారు. సుమారు వందేళ్ల కిందట పాటించిన ఒక హెచ్చరిక ఆ రోజు యిర్మీయా ప్రాణం కాపాడింది.

కాబట్టి ఏ హెచ్చరిక చదివినా, ఇది జరగకుండా ఉండాలంటే నేను ఏం మార్చుకోవాలి అని అడగండి. ఎప్పుడు జరుగుతుంది అనేది రెండో ప్రశ్న కూడా కాదు. ఒక సంగతి నిజాయితీగా చూసుకోండి. ఎవరి మీదనైనా ఆ తీర్పు రావాలని మనసులో కోరుకుంటున్నామా? యోనా అలాగే కోరుకున్నాడు. నీనెవె బతికినందుకు అలిగి ఊరి బయట కూర్చున్నాడు.

ఎనిమిదో పేరు దగ్గర ఆగండి

ఆమోసు తెకోవ ఊరి పశులకాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. యూదా నుంచి ఉత్తరదేశమైన ఇశ్రాయేలుకు వెళ్లి మాట్లాడాడు. మొదటి రెండు అధ్యాయాల్లో అతను చేసింది చూడండి. మొదట దమస్కు, తర్వాత గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. అన్నీ ఇశ్రాయేలుకు పడని దేశాలే. వింటున్నవాళ్లకు ఎంత బాగుండి ఉంటుందో ఊహించుకోండి. ఏడోది యూదా, పక్కింటి అన్నదమ్ములు. అప్పుడు ఎనిమిదోసారి, ఇశ్రాయేలు. వాళ్ల పాపాల పట్టిక అన్నిటికంటే పొడుగ్గా ఉంది.

మనం వాట్సాప్ గ్రూపుల్లో మొదటి ఏడు పేర్ల దగ్గరే ఆగిపోతున్నాం. ఫలానా దేశం, ఫలానా పార్టీ, పక్క సంఘం, సినిమావాళ్లు. వాళ్లందరికీ తగిన వచనం మన దగ్గర ఉంటుంది. హెచ్చరిక వచనం చదివినప్పుడు ఎవరి ముఖం మొదట గుర్తొచ్చిందో గమనించండి. అది మీ ముఖం కాకపోతే మళ్లీ చదవండి. ఆ వారం దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, స్టేటస్ పెట్టకండి. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ఒక ధనవంతుడు లాక్కున్న కథ నాతాను ప్రవక్త చెప్పినప్పుడు దావీదు రాజుకు కోపం వచ్చింది, ఆ ధనవంతుడు చావాలి అన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట వినేదాకా అది తన కథ అని అతనికి తెలియలేదు.

లెక్కల పుస్తకం తెరవండి

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ప్రవక్తల హెచ్చరికల్లో మనం ఎక్కువగా తప్పించుకునేది డబ్బు గురించినదే. ఆరాధన, ఉపవాసం, ప్రార్థన గురించి అయితే కష్టమైనా వింటాం. కానీ ఆమోసు 8లో వ్యాపారులు విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నారు, కొలత చిన్నది చేసి, తూకం దొంగది చేసి అమ్ముకోవడానికి. మలాకీ 3:5లో దేవుడు తీర్పుకు వచ్చి ఎవరి మీద సాక్ష్యం చెబుతానన్నాడో చదవండి. మాంత్రికులు, వ్యభిచారులతో పాటు అదే వరసలో కూలివాడి కూలి బిగబట్టినవాళ్లు ఉన్నారు. యాకోబు 5:4లో ఆ కూలే కేక వేస్తోంది.

చుట్ట కాల్చిన యెహోయాకీము గురించి యిర్మీయా 22లో ఇంకో సంగతి ఉంది. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు పూత పెట్టి ఇల్లు కట్టించుకున్నాడు. పనివాళ్లకు జీతం ఇవ్వలేదు. దేవుని మాట కాల్చినవాడూ, కూలి ఎగ్గొట్టినవాడూ ఒకడే మనిషి. బెంగళూరులో ఫ్లాట్ కొని ఇంటీరియర్స్ చేయించుకున్న ప్రతివారూ ఈ అధ్యాయం ఒకసారి చదవాలి. పని అయ్యాక ఏదో ఒక వంక పెట్టి చివరి పేమెంట్ ఆపేసిన వడ్రంగి గుర్తొస్తాడేమో చూసుకోండి.

కాగితం తీసుకుని మీరు డబ్బు ఇచ్చే మనుషుల పేర్లు రాయండి. ఇంట్లో పనిచేసే అక్క, వంటామె, డ్రైవరు, పిల్లల్ని చూసుకునే ఆయా, ఇస్త్రీ చేసే ఆయన. ఒక్కో పేరు పక్కన జీతం ఏ తేదీన ఇస్తున్నారో, సెలవు పెడితే కోస్తున్నారో లేదో, చివరిసారి ఎప్పుడు పెంచారో రాయండి. మీ జీతానికి మీరు కోరుకునేదేదో వాళ్లకూ అదే వర్తిస్తుందో లేదో చూడండి. కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండం 19:13 చెబుతోంది. మీరు పీజీ హాస్టల్ నడుపుతున్నారా? మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీలో మనవాళ్లు నడిపే పీజీలు చాలా ఉన్నాయి. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు పిల్లల అడ్వాన్సులో ఏయే పేర్లతో కోస్తున్నారో ఆ లెక్క దేవుని ముందు పైకి చదవండి. ఇల్లు అద్దెకు ఇచ్చినవాళ్లకూ ఇదే మాట, పెయింటింగ్ ఖర్చు నిజంగా ఎంతయిందో అంతే కోయాలి.

ఇంకా కష్టమైనది ఉంది. దొంగ తూకం అంటే ఈ ఊళ్లో నాకు మొదట గుర్తొచ్చేది ఫేక్ ఎక్స్‌పీరియెన్స్. చేయని ఉద్యోగానికి సర్టిఫికెట్, ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూ. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపాడు, ఏడాది తిరిగినా కాల్ రావడం లేదు, పక్కరూమ్ వాళ్లంతా అలాగే చేరారు. ఆ టెన్షన్ నాకు తెలుసు, మా తమ్ముడి వయసు పిల్లలు మా కూటంలో కూర్చుని ఏడ్చారు. అయినా కిలో రాయి మీద రెండు కిలోలని రాయడం ఎలాంటిదో ఇది కూడా అలాంటిదే. ఇప్పటికే అందులో ఉంటే ముందు కొత్త అబద్ధం ఆపండి. ఇంకొకరికి ఆ దారి చూపకండి, ఇంకొకరి బదులు ఇంటర్వ్యూలో కూర్చోకండి. తర్వాతి ఉద్యోగానికి నిజమైన రెజ్యూమే రాయండి. మిగతాది, ఒప్పుకోవడం ఎప్పుడు, ఎవరి ముందు అనేది, నమ్మకమైన ఒక పెద్దతో కూర్చుని ప్రార్థించి తేల్చుకోండి. ఒంటరిగా మోయకండి. డబ్బు తీసుకుని ఆ కాగితాలు తయారుచేసేవాళ్లు మాత్రం ఈ రోజే దుకాణం మూయాలి, వాళ్లకు నేను వేరే మాట చెప్పలేను.

కట్నం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. 1961 నుంచి చట్టం నిషేధించింది, మన ఇళ్లలో "అమ్మాయికి ఇష్టంగా పెడుతున్నారు" అనే పేరుతో నడుస్తూనే ఉంది. సంబంధం వెతికేటప్పుడు బాప్తిస్మంతో పాటు కులం కూడా అడిగేవాళ్లు ఆమోసు 9:7 చదవండి. ఇశ్రాయేలీయులారా, మీరూ కూషీయులూ నాకు ఒకటి కారా అని దేవుడు అడుగుతున్నాడు.

తప్పు కనిపిస్తే తిరిగి ఇవ్వండి. ఎంత ఇవ్వాలో బైబిల్లో ఉంది. సంఖ్యాకాండం 5:7 ప్రకారం తీసుకున్నది మొత్తం, దానిపైన అయిదో వంతు. సువార్తలో పన్నుల అధికారి జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. ఇచ్చేటప్పుడు సాక్ష్యంలా చెప్పుకోకండి, ఫొటో తీయకండి. "ఇది మీకు రావాల్సింది, నేను ఆపాను, క్షమించండి" అని చాలు.

ఈనాటి "ప్రవచనాల"ను పరీక్షించండి

ఇప్పుడు ఫోన్ తెరిస్తే ప్రవచనాలే. ఫలానా నెలలో ఫలానాది జరుగుతుంది, ఈ వీడియో షేర్ చేస్తే ఆశీర్వాదం, చేయకపోతే నష్టం. వీటిని చూసి విసుగెత్తి మొత్తం కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. పౌలు రెండు మాటలూ కలిపే చెప్పాడు: "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి."

ఎలా పరీక్షించాలంటే, విన్న మాటను విన్నట్టే రాసి తేదీ వేయండి. ఎవరు చెప్పారో రాయండి. ద్వితీయోపదేశకాండం 18 ప్రకారం జరగకపోతే అది దేవుడు చెప్పిన మాట కాదు. అదే పుస్తకం 13 ప్రకారం, జరిగినా సరే, దేవుని నుంచి పక్కకు లాగితే వినకూడదు. తేదీ చెప్పి రాకడ అంటే పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ దినమూ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో యేసే చెప్పాడు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. ఆ మర్నాడు నమ్మినవాళ్ల ఇళ్లలో ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

ఆ మాట వల్ల డబ్బు ఎటు పోతోందో కూడా చూడండి. తిండి పెట్టినవాడికి సమాధానం అని, పెట్టనివాడి మీద యుద్ధం అని చెప్పే ప్రవక్తలను మీకా 3లో చదవండి. యిర్మీయా 28లో హనన్యా దేవాలయంలో అందరి ముందు రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నాడు, యిర్మీయా మెడ మీద కాడిని విరగ్గొట్టాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుంది! యిర్మీయా అతనితో పోట్లాడలేదు. ఆమేన్, దేవుడు అలాగే చేయుగాక అన్నాడు, నెరవేరినప్పుడే తెలుస్తుంది అని చెప్పి తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన దేవుని మాట హనన్యా మాటకు ఎదురుగా ఉంది. మీరూ అలాగే, వాదించకుండా తేదీ రాసుకుని వెళ్లండి.

ఎవరి ప్రవచనం విని అయినా సరే, మందులు మానకండి, లోన్ తీసుకోకండి, ఉద్యోగం వదలకండి. షుగర్ మాత్రలు ఆపి, కాలికి పుండు పడ్డాక ఆసుపత్రికి వెళ్లిన ఒక పెద్దమ్మను నేను చూశాను. హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం చేసిన యెషయానే, ఆ రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు.

కరవు, యుద్ధం, భూకంపం వార్తలు విన్నప్పుడు అపొస్తలుల కార్యములు 11 చివర చదవండి. కరవు రాబోతుందని అగబు అనే ప్రవక్త చెప్పగానే అంతియొకయ శిష్యులు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి, బర్నబా, సౌలుల చేత యూదయకు పంపారు. ఇది ఏ కాలానికి గుర్తు అని వాళ్లు కూర్చుని లెక్కలు వేసినట్టు అక్కడ లేదు. మాది ఒంగోలు వైపు. 1876-78 కరవులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడని మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఉన్న ఊరి క్షేమం చూడండి

మళ్లీ ఆ ఉత్తరం దగ్గరికి వస్తాను. చెరపట్టిన ఊరి కోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అని దేవుడు చెప్పాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్నాడు. మనల్ని ఎవరూ చెరపట్టి తేలేదు, జీతానికే వచ్చాం. అయినా పదేళ్లుగా ఉంటూ కన్నడలో "ఎష్టు" (ఎంత) తప్ప ఇంకో మాట రానివాళ్లం ఉన్నాం. కన్నడ నేర్చుకోండి. మీ వీధి ఊడ్చే పౌరకార్మికులతో మాట్లాడి చూడండి, ఈ నగరంలో వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. పేరు అడగండి, ఎండలో మంచినీళ్లు ఇవ్వండి.

హోషేయ 4లో సత్యమూ కనికరమూ లేకపోవడం వల్ల దేశం ప్రలాపిస్తోంది, సముద్రపు చేపలు కూడా గతించిపోతున్నాయి అని ఉంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడు, 2017లో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది. మీ అపార్ట్‌మెంట్ మురుగునీటి ప్లాంటు నిజంగా పనిచేస్తోందా, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అని అసోసియేషన్ మీటింగులో అడగండి.

భయం తగ్గాక మళ్లీ చూసుకోండి

ఇది ఎవరూ చెప్పని మెట్టు. యిర్మీయా 34 చదవండి. బబులోను సైన్యం ముట్టడి వేసినప్పుడు సిద్కియా రాజూ, ప్రజలూ దేవుని ముందు నిబంధన చేసి తమ హెబ్రీ దాసదాసీలను విడిపించారు. తర్వాత ఐగుప్తు సైన్యం వస్తోందని విని బబులోనువాళ్లు కొన్నాళ్లు వెనక్కి తగ్గారు. వెంటనే వీళ్లు విడిపించినవాళ్లను మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. ఆ అధ్యాయంలో దేవుని కోపం ఎంత తీవ్రంగా ఉందో చూడండి.

అందుకే ఏ తీర్మానం చేసుకున్నా ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాత ఒక తేదీ పెట్టండి. ఆ రోజు నోటుబుక్కు తెరిచి, చేసినదాని మీద గీత కొట్టండి. మిగిలిపోయినదానికి ఆ రోజే ఫోన్ చేయండి. ఆ తేదీ మీ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.

ఈ అధ్యాయం నేను 2023లో చదివాను. చదువుతుంటే 2020 గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్‌లోకి పనివాళ్లను రానివ్వలేదు. మా ఇంట్లో చేసే అక్కకు నెలకు 4,000. ఏప్రిల్‌లో పూర్తిగా ఇచ్చాను, భయంతో, ప్రార్థనతో, ఎవరి జీతమూ ఆపను ప్రభువా అని మొక్కుకుని మరీ ఇచ్చాను. మే, జూన్ నెలలకు సగం ఇచ్చి మిగతాది తర్వాత ఇస్తానన్నాను. పరిస్థితి సర్దుకుంది, ఆమె వేరే అపార్ట్‌మెంట్‌కి మారింది, నేను మర్చిపోయాను. బాకీ 4,000, అయిదో వంతు 800. వాచ్‌మన్ దగ్గర నంబరు తీసుకుని, వర్తూరు వైపు ఆమె ఉండే ఇంటికి వెళ్లాను.

డబ్బు తీసుకుని, ఈ 800 ఎందుకక్కా అని అడిగింది. ఆలస్యం చేసినందుకు అన్నాను. కాసేపు ఊరుకుని, ఆ జూన్‌లో అద్దె కోసం కమ్మలు తాకట్టు పెట్టానని, నూటికి మూడు వడ్డీ అని, విడిపించుకోవడానికి ఏడాదిన్నర పట్టిందని చెప్పింది. కోపంగా చెప్పలేదు. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆ గుమ్మం దగ్గరే కూర్చుని, ఎంతకు పెట్టిందో ఎన్ని నెలలో అడిగి వడ్డీ లెక్క రాసుకున్నాను. దాని పక్కన తేదీ వేశాను.